కొట్టాలు ఎవరివి?

కుంచెర్ల కొట్టాలు,
ఆగస్టు.

అక్కా,

ఉత్తరం చూడగానే గుండె మీద చెయ్యి వేసుకోకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడ ఫోను సరిగా పలకడం లేదు. మెసేజ్ పెడదామంటే ఆ చిన్న అక్షరాలు నీ కళ్ళకు ఆనవు. అందుకే కాగితం పట్టుకున్నాను. నీ పెళ్ళైన కొత్తలో జహనుమా నుంచి నాకు ఉత్తరాలు రాసేదానివి. నేను జవాబు రాస్తే నా తప్పులన్నీ దిద్ది తిరిగి పంపేదానివి. ఇప్పుడు దిద్దకు. ఇదే కొట్టాలలో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి.

విషయం చెబుతాను. నల్లగుట్ట అవతలి వైపు క్రషర్ కంపెనీ పెట్టారని నీకు తెలుసు. అటు రాయి అయిపోవచ్చింది. ఇప్పుడు మన వైపు అడుగుతున్నారు. ఇళ్ళకు దగ్గరలో పేలుళ్ళు చేయకూడదని నియమం ఉంది. కానీ కంపెనీవాళ్ళు పెట్టిన కాగితంలో "చుట్టుపక్కల జనావాసం లేదు, కొన్ని పశువుల కొట్టాలు మాత్రమే ఉన్నాయి" అని ఉంది. సర్వేకు వచ్చిన అధికారి అది చదివి వినిపించగానే ఈరమ్మ వదిన లేచి నిలబడింది.

"గట్లయితె మేమేంది సారు, బర్లమా?"

ఆయన నవ్వలేదు. మంచివాడే. మన ఓటు కుంచెర్లలో, రేషన్ పక్క ఊళ్ళో, చస్తే పూడ్చేది మూడో ఊరి హద్దులో. ఏ ఊరివాళ్ళూ మనల్ని తమ ఊరని చెప్పుకోరు. కొట్టాలు అనే పేరుతో ఊరే లేదట. "చలికాలంలో సభ పెడతారు. ఎప్పటి నుంచి ఉంటున్నారో, ఎలా వచ్చారో మీ పెద్దవాళ్ళెవరైనా లేచి చెబితే రాసుకుంటారు" అన్నాడు.

ఎవరున్నారక్కా పెద్దవాళ్ళు? ఇక్కడ పుట్టి, బతికి ఉన్నవాళ్ళలో నీకంటే పెద్ద ఎవరూ లేరు. నాయనమ్మ దగ్గర పడుకుని కథలు విన్నది నువ్వు. నేను వినేనాటికి ఆమెకు మతి తప్పింది. మనం ఇక్కడికి ఎలా వచ్చాం? నీకు తెలిసినదంతా రాసి పంపు.

బావకు నమస్కారం చెప్పు. బర్రెలెలా ఉన్నాయి?

మొగులయ్య


జహనుమా, హైదరాబాద్,
ఆగస్టు చివర.

తమ్మీ,

పోస్టుమాన్ నీ ఉత్తరం పక్కింటి ఖాలా చేతిలో పెట్టి పోయాడు. ఆమె కోర్టు నోటీసేమోనని భయపడి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికి వచ్చి, "లలితా, కోర్ట్ కా కాగజ్ ఆయా క్యా?" అని అడిగింది. చేతితో రాసిన చిరునామా ఈ గల్లీలో అందరూ మరిచిపోయారు. మా తమ్ముడు రాశాడని చెప్తే నమ్మలేదు. "భాయ్ ఖత్ లిఖ్తా?" అని, తమ్ముడు ఉత్తరం రాయడమేమిటన్నట్టు నవ్వింది. కొత్త కళ్ళద్దాలకని పత్తర్‌గట్టి వెళ్ళే పని ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్నాను. నీ ఉత్తరం కోసమే మర్నాడు వెళ్ళి తెచ్చుకున్నాను.

నువ్వు పుస్తకాల భాషలో రాశావు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నవ్వకు.

నాయనమ్మ కొమురవ్వ, తాత కుంచెర్ల దొర మందను కాసేవాళ్ళు. ఆ మందకు గాలికుంటు వచ్చింది. నోట్లో సొంగ, గిట్టల మధ్య పుండ్లు. రోగం వచ్చిన పశువులన్నిటినీ గుట్ట కిందికి తోలించి, నాలుగు కొట్టాలు వేయించాడు దొర. వాటితో పాటు నాలుగు కుటుంబాలను పంపాడు. పంపేటప్పుడు ఏమన్నాడో నాయనమ్మ దొర గొంతు పెట్టి మరీ చెప్పేది.

"బతికితె పొలిమేర దాంక తోల్కరాండ్రి. సస్తె ఆడనే బొందవెట్టుండ్రి. మీరు మాత్రం మల్లి ఊల్లె కనవడొద్దు."

ఆ వానాకాలమంతా వాళ్ళు పశువులను పూడ్చారట. బురదలో గొయ్యి తవ్వితే నీళ్ళు ఊరేవట, పూడ్చిన ఆవు పైకి తేలేదట. ఆఖరి దూడ కూడా పోయాక తాత వాళ్ళు ఊరి పొలిమేర దాకా వెళ్ళారు. అక్కడ ఊరంతా కట్టెలు పట్టుకుని నిలబడి ఉంది. "రోగం మోస్కొస్తున్నరు, రానియ్యకుండ్రి" అని. వీళ్ళతో కలిసి బతుకమ్మ ఆడినవాళ్ళే, తమ్మీ. వీళ్ళు వెనక్కి తిరిగారు. ఎక్కడికి పోతారు? కొట్టాలు ఖాళీగా ఉన్నాయి. ఊడ్చుకుని, అలుక్కుని, పశువులను కట్టే గుంజలకు చీరలు చుట్టి అడ్డం పెట్టుకున్నారు. ఆ చలికాలంలో మన నాయిన పుట్టాడు.

నేనొకసారి అడిగాను. "నాయనమ్మా, గొడ్లుండే జాగల పండుకునుడు నీకు నామోషీ గాలేదా?" అని. నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"మనిషి పుట్టినంక గది కొట్టమెట్లయితదే? ఇల్లు గదా."

నాకు తెలిసింది ఇంతే. రాస్తుంటే చెయ్యి నొప్పి పుట్టింది కానీ కడుపు నిండింది. ఈ ఇంట్లో ఇవన్నీ అడిగేవాళ్ళెవరు?

బర్రెలు బాగున్నాయి. నువ్వు ఫోను ఎత్తి, "హలో హలో" అని పెట్టేస్తావేం? నీ మేనల్లుడు చింటూ కూడా రెండుసార్లు చేశాడట.

లలితక్క


కుంచెర్ల కొట్టాలు,
అక్టోబరు.

అక్కా,

నీ ఉత్తరం బడి ముందర కూర్చుని అందరికీ చదివి వినిపించాను. బడి అంటే గోడలే అనుకో. పిల్లలు లేరని మూసేసి చాలాకాలమైంది. దూడ పోయిన చోట మల్లేశు కళ్ళు తుడుచుకున్నాడు. అంతవరకూ బాగుంది. తర్వాత ఈరమ్మ వదిన అందుకుంది.

"మీ దొర కత మీరు జెప్పుకోండ్రి. మీకంటె ముంగట మా తాత వచ్చిండు. రాయి కొట్టేటోడు. గుట్టకింద తన చేతుల్తోని రాతి గోడ లేపి ఇల్లు కట్టిండు. మీ నాయనమ్మకు కానుపు జేసింది మా నాయనమ్మనే. దొర ఎవ్వడు మాకు?"

లొల్లి అయింది. నేను నెమ్మదిగా సర్దిచెప్పాను. సభలో ఇద్దరు రెండు రకాలుగా చెబితే మొత్తానికే నమ్మరు, అక్క కథ అయితే మొదలూ చివరా ఉంది అన్నాను. అందరూ సరేనన్నారు. ఆమె చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమె తాత గోడ ఇప్పటికీ ఉంది అక్కా, అది అబద్ధం కాదు. కానీ ఒక్క గోడను చూపించి ఏం చెబుతాం?

కొట్టాలలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. పేలుడు పెట్టినప్పుడల్లా కుండల్లో నీళ్ళు చిందుతాయి. బోరు బురద కక్కుతోంది. మన ఇంటి వెనక గోడకు చిన్న బీట పడింది, సున్నం పెట్టాను. కోడలు భాగ్యశ్రీ పిల్లలను తీసుకుని మండలంలో అద్దెగదికి మారింది. మా అబ్బాయి మెడికల్ షాపు అక్కడే కదా, వాడికీ దగ్గర. నాకూ రమ్మంటున్నారు.

సభ జనవరిలో. పెద్దల పేర్లు ఇమ్మంటే నీ పేరు ఒక్కటే ఇచ్చాను. నువ్వు వచ్చి, నాకు రాసినట్టే చెప్పు. నాయనమ్మ మాట కూడా చెప్పు. వస్తావు కదా?

మొగులయ్య


జహనుమా,
నవంబరు.

మొగులయ్యా,

ఈసారి తమ్మీ అని పిలవను. భాగ్యశ్రీ ఫోను చేసింది.

సిగ్నల్ లేక కాదట కదా. ఆ పిల్ల వెనక నిలబడి ఎంత పిలిచినా నువ్వు తిరిగి చూడలేదట. ట్రాక్టరు హారన్ కొడుతుంటే దారి మధ్యలో నడుస్తున్నావట. "అత్తమ్మా, మామకు చెవులు వినవడుతలేవు, మీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు" అని ఏడ్చింది. మూడు నెలలుగా నాకు ఉత్తరాలు రాస్తూ, బీటల గురించి రాస్తావు, కుండల గురించి రాస్తావు, చెవుల గురించి రాయవా? అమ్మ పోయాక నిన్ను ఎత్తుకుని పెంచింది ఎవరు?

హుస్సేనీ ఆలంలో యశోద వాళ్ళ ఇంటి పక్కన చెవుల డాక్టరు ఉన్నాడు. నీ బిడ్డ ఇంట్లోనే నాలుగు రోజులు ఉందువుగాని. మందులో, మిషనో ఏదో ఒకటి చేస్తాడు. బస్సెక్కు.

సభకు వస్తాను. ఎందుకు రాను? మీ బావకు మోకాళ్ళ నొప్పులు, ఆయన రాడు. చింటూ మాత్రం నన్ను పంపడానికి ఒప్పుకోవడం లేదు. ఎందుకని అడిగితే చలి అంటాడు, దూరం అంటాడు. వాడి మాట నేను వినను. బర్రెలను చూసుకోవడానికి పక్కింటివాళ్ళు ఉన్నారు.

వెంటనే జవాబు రాయి. బస్సులో వస్తే జవాబు కూడా అక్కర్లేదు.

లలితక్క


కుంచెర్ల కొట్టాలు,
డిసెంబరు.

అక్కా,

తిట్టు. నువ్వు తిడితే కాగితం మీదైనా వినిపిస్తుంది.

మండలంలో డాక్టరుకు చూపించుకున్నాను. లోపలి నరం చచ్చిందట, మందు లేదు. మిషను పెట్టి చూశాడు. దాంట్లో గుట్ట పగిలే మోత పెరిగింది తప్ప మనుషుల మాట రాలేదు. మొదట సన్న గొంతులు పోయాయి. పిల్లలవి, ఆడవాళ్ళవి. బడిలో చివరి ఏడాది పిల్లలు పాఠం అప్పజెబుతుంటే నేను వాళ్ళ నోళ్ళు చూసి తల ఊపేవాణ్ణి. ఎంతమంది తప్పు చెప్పారో నాకు తెలియదు. తర్వాత మగవాళ్ళ గొంతులు పోయాయి. నీకు రాసిన అధికారి మాటలు, ఈరమ్మ వదిన మాటలు పక్కవాళ్ళు పలక మీద రాసి చూపినవే. మొన్న వర్షం కురిసింది. వీపు తడిస్తేనే తెలిసింది.

ఇంకొకటి కూడా నీకు రాయలేదు. ఎలాగూ తిట్లు పడుతున్నాయి కాబట్టి అదీ రాసేస్తాను.

దసరా ముందు గుట్ట దారిలో ఒక టిప్పర్ ఆగింది. కొత్తది. అద్దం పైన పసుపు అక్షరాలతో "లలితమ్మ దీవెన" అని రాసి ఉంది. లోపల నుంచి చింటూ దిగాడు. నా కాళ్ళకు దండం పెట్టాడు. ఏదో చెప్పాడు. వాడి పెదవుల్లో "అమ్మ" అన్న మాట అందింది. "అమ్మకు తెలుసు" అన్నాడో, "అమ్మకు తెలియదు" అన్నాడో అందలేదు. అప్పటి నుంచి రోజూ కనిపిస్తుంది ఆ బండి. కంకర నింపుకుని దిగుతుంది, ఖాళీగా ఎక్కుతుంది.

వాడి మీద నాకు కోపం లేదు. వాడు కాకపోతే ఇంకొకడు. కానీ ఆ రెండు మాటల్లో ఏది అన్నాడో నువ్వే చెప్పాలి.

మొగులయ్య


జహనుమా,
డిసెంబరు చివర.

తమ్మీ,

తెలుసు.

బర్రెలు లేవు. ఉగాదికే అమ్మేశాం. పట్నం మధ్యలో పశువులు ఉండకూడదని రోజూ లొల్లి, గడ్డి ధర, వీళ్ళ నాన్న మోకాళ్ళు. ఆ డబ్బు ముందు కట్టి, మిగతాది అప్పు తెచ్చి చింటూ బండి కొన్నాడు. మొదటి కిరాయి ఎక్కడ దొరికిందని అడిగితే, "మీ ఊరి దిక్కేనమ్మా" అన్నాడు. నేను బండికి కొబ్బరికాయ కొట్టాను. నా పేరు రాయించాడని సంతోషపడ్డాను కూడా. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికి అది గుట్ట మీద తిరుగుతూనే ఉంది. బర్రెలెలా ఉన్నాయని నువ్వు అడిగితే బాగున్నాయని రాశాను.

నిన్న వాడితో గట్టిగా మాట్లాడాను.

"నువ్వు ఆడికి పోయి మాట్లాడితె నా కిరాయి బందయితది అమ్మా. కిస్తీ నువ్వు కడ్తవా?"

"అది మా ఊరురా."

"ఏడుందమ్మా ఊరు? ఫోన్ల మ్యాప్ తీసి చూపెట్టు."

వాడు కంచం ముందు నుంచి లేచి పోయాడు.

అయినా వస్తాను. సంక్రాంతి దాటగానే అక్కడ ఉంటాను.

లలిత


జహనుమా,
ఫిబ్రవరి.

తమ్మీ,

సభ అయిన రోజు నీతో చెప్పలేకపోయాను. చెప్పాలంటే అరవాలి, అరిస్తే అందరూ వింటారు. నువ్వు పలక తెచ్చి ఇచ్చావు, నేను "బాగా జరిగింది" అని రాశాను. నువ్వు అన్నం పెట్టి, "గెలిచినం అక్కా" అంటుంటే నేను తల ఊపుతూ తిన్నాను. బస్సులో ఏడ్చాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నీకు ఇంకెవరూ ఇలా చెప్పరు.

షామియానా కింద మైకు నా చేతికి ఇచ్చారు కదా. అక్కడి దాకా నువ్వు చూశావు. మొత్తం చెప్పాను. గాలికుంటు, దొర, పూడ్చిన పశువులు, కట్టెలు పట్టుకున్న ఊరు. రాసుకునే అమ్మాయి కలం ఆపి నావైపే చూసింది. నేను పూర్తి చేయగానే చప్పట్లు కొట్టారు. నువ్వు లేచి నిలబడి కొట్టావు.

అప్పుడు కంపెనీ తరఫు వకీలు లేచాడు. తెల్లచొక్కా ఆయన. చేతులు జోడించాడు. నువ్వు నాకు దండం పెడుతున్నాడనుకుని ఉంటావు. ఆయన అడిగింది ఇది.

"అమ్మా, మీరు చాలా బాగా చెప్పారు. ఆ కొట్టాలు ఎవరు వేయించారు?"

"దొర" అన్నాను.

"భూమి ఎవరిది?"

"దొరదే."

"మీవాళ్ళను అక్కడికి ఎందుకు పంపారు?"

"రోగమొచ్చిన పశువులను చూసుకోవడానికి."

"ఇళ్ళు కట్టుకొమ్మని భూమి ఇచ్చారా?"

"లేదు."

"థాంక్స్ అమ్మా" అని కూర్చున్నాడు. అంతే. అధికారి వైపు తిరిగి, అవి పశువుల కొట్టాలేనని, వేరేవాళ్ళ భూమిలో తాత్కాలికంగా వేసినవని ఊరి పెద్దమనిషే ఒప్పుకున్నారు, రాసుకోండి అన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుని రాసింది. నేను ఎక్కడ ఉంటానని అడిగారు. జహనుమా అన్నాను. "అయితే ఇక్కడ ఉండరు కదా" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. మైకు వాళ్ళు తీసుకుపోయారు. నేను గట్టిగా అరిచాను. "మనుషులు పుట్టిండ్రు గదా! మా నాయిన పుట్టిండు, నేను పుట్టిన, మనిషి పుట్టినంక గది కొట్టమెట్లయితది?" అని. నువ్వు ఆ అరుపు చూశావు. నా నోరు చూసి బ్రహ్మాండంగా మాట్లాడుతున్నాననుకున్నావు. మళ్ళీ చప్పట్లు కొట్టావు తమ్మీ. ఆ షామియానా కింద నువ్వు ఒక్కడివే కొడుతున్నావు. అందరూ నీ వైపు తిరిగి చూశారు. ఈరమ్మ వచ్చి నీ చేతులు పట్టుకుని ఆపింది.

ఆమె మాట్లాడతానంది. పేరు ముందుగా ఇవ్వలేదు కాబట్టి కుదరదన్నారు. ఆమె తాత గోడ మాట ఎవరూ రాసుకోలేదు.

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అదే నన్ను తినేస్తోంది. దొర భూమి ఇచ్చాడని ఒక్క మాట అంటే ఏం పోయేది? నాయనమ్మ చెప్పిన కథ చెప్పినట్టే చెప్పి కొట్టాలను నా చేతులతో వాళ్ళకు అప్పజెప్పి వచ్చాను.

చింటూ కిరాయి బంద్ కాలేదు.

జవాబు రాయి. తిట్టినా సరే.

లలిత


మండల కేంద్రం,
జూన్.

అక్కా,

ఇన్ని నెలలు రాయనందుకు కోపం అనుకోకు. నిన్ను తిట్టాల్సింది ఏమీ లేదు. నీ పేరు ఇచ్చింది నేను, ఈరమ్మ వదినను ఆపింది నేను. ఆ రోజు అంతా వినిపించినట్టు లేచి చప్పట్లు కొట్టిందీ నేనే.

మార్చిలో అనుమతి వచ్చింది. ఇంటికింత అని ఏదో ఇచ్చారు, కొట్టానికి ఇచ్చే లెక్కన. మల్లేశు వాళ్ళు షాద్‌నగర్ వైపు కోళ్ళఫారంలో పనికి పోయారు. మిగతావాళ్ళు తలా ఒక దిక్కు. ఇప్పుడు ఎవరి ఊరేదని అడిగితే ఎవరికి దగ్గరైన పేరు వాళ్ళు చెబుతున్నారు. నేను కుంచెర్ల అంటున్నాను. కట్టెలు పట్టుకుని నిలబడ్డ ఊరు. వేరే ఏం చెప్పను?

భాగ్యశ్రీ వాళ్ళ గదిలో ఉంటున్నాను. ఊరికే కూర్చోలేక పని అడిగాను. క్రషర్‌లోనే ఇచ్చారు. ముఖం చిట్లించకు. నా అంతటివాడు వాళ్ళకు దొరకడట, ఎంత మోతకైనా నేను ఉలిక్కిపడను. పేలుడుకు ముందు ఎర్రజెండా పట్టుకుని దారికి అడ్డంగా నిలబడాలి. ఎవరినీ అటు పోనివ్వకూడదు. గుట్ట లేచి విరిగి పడుతుంది. దుమ్ము లేస్తుంది. కాళ్ళ కింద నేల వణుకుతుంది. చప్పుడు ఉండదు. చింటూ బండి వస్తే ఆపుతాను. వాడు దిగి నా పక్కన నిలబడతాడు. దుమ్ము అణిగాక వెళ్ళిపోతాడు.

పోయిన సోమవారం ఈరమ్మ వదిన వచ్చింది. కూతురి ఇంటి నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట, తర్వాత భాగ్యశ్రీ చెప్పింది. చేతిలో గుడ్డసంచి ఉంది. వాళ్ళ తాత గోడ వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అడిగింది. గోడ ఇంకా పడలేదు. ఆ రోజు పడుతుంది. పేలుడు తీగలు వేసేశారు.

జెండా అడ్డం పెట్టాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. నా గుండె మీద చేత్తో కొట్టి మాట్లాడింది. ఒక రాయి తెచ్చుకుంటానందో, ఒక్కసారి చూసి వస్తానందో, నన్ను తిట్టిందో నాకు తెలియదు. ఆమె నోరు కదులుతూనే ఉంది.

నేను జెండా దించలేదు.

మొగులయ్య